తెల్లగౌను మలుపులో లరూ

తెల్లగౌను మలుపు దగ్గర చీకటి పడ్డాక బండి ఆపకూడదు.

ఈ మాట ఏ బోర్డు మీదా రాసి ఉండదు. అమెరికాలోని యూటాలో, హ్యాంక్స్‌విల్ నుంచి బ్లాండింగ్ పోయే దారిలో, ఎర్రటి కొండగోడల మధ్య రోడ్డు గట్టిగా మెలి తిరిగే చోట నాలుగు బండ్లు పట్టే కంకర జాగా ఒకటుంది. పగలు చూస్తే ఓ చెత్తడబ్బా, నాలుగు జూనిపర్ తుప్పలు, అంతే. కానీ ఆర్వీల్లో, అంటే మంచం పొయ్యి ఉండే ఇంటిబండ్లలో, తిరిగే మావాళ్ళని ఎవర్నైనా అడగండి... గొంతు తగ్గించి చెబుతారు.

రాత్రిళ్ళు అక్కడొక ముసలావిడ నిలబడుతుందట. తెల్ల గౌను, ఉత్త కాళ్ళు. వచ్చే పోయే బండికల్లా చెయ్యి ఊపుతుంది. జాలిపడి ఆపితే—అక్కడెవరూ ఉండరు.

ఆవిణ్ణి మొగుడే అక్కడ వదిలేశాడట. కావాలని కాదు. వెనక మంచం మీద పడుకుని ఉందనుకుని బండి పోనిచ్చాడు. తెల్లారి అరిజోనాలో కాఫీ కలిపి తెర తీస్తే మంచం ఖాళీ. వెనక్కి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఎడారి చలి ఒక్క రాత్రి చాలు.

నవ్వకండి. మా ఇంటిబండ్లలో ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక తెర వేసుకుని పడుకుంటారు. బంకుల దగ్గర మొగుళ్ళు, పెళ్ళాలు మిగిలిపోవడం మాలో కొత్తేమీ కాదు. చలిమంట దగ్గర కూర్చుంటే ప్రతివాడి దగ్గరా అలాంటిదొకటి ఉంటుంది. కానీ ఇప్పుడు చెప్పబోయేది లరూ తన నోటితో చెప్పింది. నేను ఉప్పూ కారం తగిలించానంతే.

లరూకి అరవై ఎనిమిది. మొగుడు వెర్ల్‌కి డెబ్బై రెండు. ఐదేళ్ళుగా వాళ్ళ కాపురం చక్రాల మీదే. వెంట రెండు కుక్కలు. ఓటిస్‌కి పద్నాలుగేళ్ళు, గంటకోసారి కాలెత్తాలి. పిప్‌కి మూడేళ్ళు, దాని నోరు మూతపడదు.

ఆ మార్చి రోజు పొద్దున్నుంచీ ఏదీ కలిసిరాలేదు. రాత్రికి బండి ఆపుకుందామని చూసుకున్న రెండు క్యాంపులూ నిండిపోయాయి. గాలి బండిని పక్కకి తోసేస్తోంది. పిప్ తివాచీ మీద కక్కింది. లరూకి ప్రాణం విసిగిపోయింది. ఈ రోడ్లు, ఈ దుమ్ము, ఈ మొగుడు—అన్నీ చాలనిపించాయి.

"మలుపుల్లో అలా ఊపేస్తావేంటయ్యా! వెనక నేనున్నాను, బంగాళాదుంపల బస్తా కాదు."

"నువ్వే వచ్చి తోలు మరి."

"నేను తోలితే ఈపాటికి భోంచేసి పడుకునేవాళ్ళం!"

నలభై ఒక్క ఏళ్ళ పాత పాట అది. లరూ పొడుగాటి ఫ్లానెల్ గౌను తొడుక్కుని, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, వెనక మంచం మీద వాలిపోయింది. గౌను ఏ రంగో మీరే ఊహించుకోండి.

పదిన్నరకి బండి ఆగింది. పైన, నీడకోసం పరుచుకునే పందిరిగుడ్డ పట్టీ ఊడి టపటప కొట్టుకుంటోంది. టార్చి పట్టుకుని వెర్ల్ అటుపక్కకి దిగాడు. ఇటుపక్క తలుపు దగ్గర ఓటిస్ కుంయ్ కుంయ్ మంటోంది. ఎక్కడ ఆగారో లరూ చూసుకోలేదు. చెప్పులు తగిలించుకుని కుక్కని దింపింది.

ఓటిస్‌కి సిగ్గెక్కువ. కంకర మీద పొయ్యదు, చాటు కావాలి. మెల్లగా ఒక తుప్ప వెనక్కి, అక్కడ నచ్చక ఇంకో తుప్ప వెనక్కి... లరూ నిద్రకళ్ళతో దాని వెంటే పోయింది.

ఇంజను స్టార్టయింది.

"వెర్ల్!"

గాలి ఆ పిలుపుని ఎటో ఎగరేసుకుపోయింది. ఎర్రదీపాలు రెండూ కొండ చాటుకి తిరిగిపోయాయి. కాసేపు ఇంజను మోత వినిపించింది. తర్వాత అదీ లేదు.

మొదట లరూకి కోపం వచ్చింది. ఐదు నిమిషాల్లో తిరిగొస్తాడు, వచ్చాక చెబుతా వీడి పని... అనుకుంది. పది నిమిషాలయ్యాయి. అప్పుడు చెత్తడబ్బా కనబడింది. దాని పక్కన రాతిగోడ మీద ఎవరో సుద్దతో గీసిన గౌను బొమ్మ కనబడింది.

తను నిలబడింది తెల్లగౌను మలుపులో.

కదలకుండా నిలబడి చుట్టూ చూసింది. తుప్పలు. రాళ్ళు. ఆకాశం నిండా చుక్కలు. ఎవరూ లేరు... ఎంత చూసినా ఎవరూ లేరు.

"దెయ్యం కూడా లేదు," అంది ఓటిస్‌తో. "ఉంటే కాస్త తోడుండేది."

చలి కాళ్ళ నుంచి పైకి పాకుతోంది. ఓటిస్ వణుకుతోంది. ముసలి కుక్క, ఒంటి మీద కండ లేదు. లరూ దాన్ని గౌను కిందకి లాక్కుని, గాలి తగలకుండా రాతిగోడకి ఆనుకుని కూర్చుంది. వెర్ల్ తెల్లారేదాకా తెర తీయకపోతే? అలిగి పడుకుందిలే, కదిలించడం ఎందుకనుకుంటే? ఆ మనిషి అలాగే అనుకుంటాడు. తెల్లారేసరికి ఓటిస్ ఉండదు. తను కూడా ఉంటుందో లేదో...

దూరంగా వెలుగు!

లరూ రోడ్డు మీదకి పరిగెత్తి రెండు చేతులూ ఊపింది. పెద్ద ఇంటిబండి. మెల్లబడింది. దీపాలు తిన్నగా ఆమె మీద పడ్డాయి. అద్దం వెనక ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం లరూకి స్పష్టంగా కనబడింది.

బండి ఒక్కసారిగా ఎగిరినట్టు దూసుకుపోయింది.

అప్పుడు తన వంక తను చూసుకుంది లరూ. తెల్ల గౌను. గాలికి లేచిన నెరిసిన జుట్టు. పరుగులో చెప్పులు ఎక్కడో జారిపోయాయి.

"నేను దెయ్యాన్ని కాదు!" అని అరిచింది. అరిచాక, దెయ్యమైనా అదే అంటుంది కదా అనిపించింది.

తర్వాత ఒక లారీ వచ్చింది. దూరం నుంచే హారన్ మీద చెయ్యి తియ్యకుండా, వేగం పెంచుకుంటూ పోయింది. మళ్ళీ చాలాసేపటికి ఒక పికప్. ఈసారి కూర్చుని ఊపింది, కూర్చుంటే తక్కువ భయపడతారేమోనని. డ్రైవరు శిలువ గుర్తు వేసుకుంటూ పోయాడు.

కోపం పోయింది. భయం కూడా పోయింది. అలసట ఒక్కటే మిగిలింది. ఓటిస్ వణకడం తగ్గిపోయింది, అది మంచి గుర్తు కాదని లరూకి తెలుసు. దాని చెవుల్ని అరచేతులతో రుద్దుతూ కూర్చుంది.

'ఆవిడ ఎన్నేళ్ళుగా ఇలా చెయ్యి ఊపుతోందో...' అనుకుంది. ఏడుపొచ్చింది. ఎవరికోసమో తనకే తెలియలేదు.

ఒంటిగంట దాటింది. ఈసారి వెలుగు బ్లాండింగ్ వైపు నుంచి వచ్చింది. లరూ లేవలేదు. లేచే ఓపిక లేదు.

బండి ఆగింది. తలుపు దడాలుమంది. పిప్ మొరుగుతూ వచ్చి ఆమె ఒళ్ళో పడింది. వెనకే వెర్ల్.

"లరూ..."

"నీ మొహం తగలెయ్య! పెళ్ళాన్ని చూసుకోనక్కర్లేదా? ముందు కుక్కని పట్టుకో, ముందు దాన్ని లోపలికి తీసుకెళ్ళు!"

ఓటిస్‌ని హీటరు ముందు పడుకోబెట్టాడు. అది కాసేపటికి కాళ్ళు కదిపింది, ఇంకాసేపటికి గిన్నెలో గోరువెచ్చటి నీళ్ళు నాకింది. అప్పుడు గానీ లరూ ఊపిరి పీల్చుకోలేదు. వెర్ల్ తన కోటు తీసి ఆమెకి కప్పాడు.

"ఆ మంచం మీద దుప్పటి తెచ్చివ్వు."

"వద్దు," అన్నాడు వెర్ల్. "ఆ దుప్పటి... వద్దు లరూ."

బండి తిప్పి పోనిచ్చాడు. ఇద్దరూ ముందు సీట్లలోనే కూర్చున్నారు.

"అడక్కుండా బయల్దేరలేదు నేను," అన్నాడు వెర్ల్. "పట్టీ బిగించి వచ్చి కూర్చున్నాను. నీ వైపు తలుపు పడ్డ చప్పుడైంది. ఎక్కావా అన్నాను. 'ఊఁ' అన్నావు."

"నేను తుప్పల్లో ఉన్నాను."

"అది ఇప్పుడు తెలిసింది." గొంతు తగ్గించాడు. "పిప్ తెర వంక చూసి గుర్రుమంది. తర్వాత వచ్చి నా పాదాల మీద ముడుచుకుంది, ఒక్కసారి మొరగలేదు. దారిలో రెండుసార్లు పలకరించాను. 'ఊఁ' అన్నావు. అలిగావనుకున్నాను."

"మరి ఎలా తెలిసింది?"

వెర్ల్ బండి వేగం తగ్గించాడు.

"కొండ దిగుతున్నాం. మలుపుల మీద మలుపులు. ఊళ్ళో దీపాలు కనిపిస్తున్నాయి. వెనక నుంచి... మెల్లగా... 'బాగా నడుపుతున్నావు వెర్ల్' అని వినపడింది."

లరూ వెనక తెర వంక తిరిగి చూసింది.

"నా పై ప్రాణాలు పైనే పోయాయి. నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి అనలేదు నువ్వా మాట! బండి ఆపేసి తెర తీశాను. ఎవరూ లేరు. దుప్పటి మాత్రం వెచ్చగా ఉంది. పక్క తలుపు బార్లా తీసి ఉంది."

గాలి తగ్గింది. దీపాల వెలుగులో రోడ్డు ముందుకు పోతూనే ఉంది. ఆవిడ ఎక్కడ ఎక్కిందో లరూకి తెలుసు. ఊరి దగ్గర ఎందుకు దిగిందో కూడా తెలుసు, ఇన్నేళ్ళకి మనుషులున్న చోటు చేరింది. భయం వేయాల్సిన చోట భయం వేయలేదు. ఎవరో తెలియని ఆడమనిషి, ఒక్క గంట ప్రయాణానికి అన్న మాట. తను ఇన్నేళ్ళలో దాన్ని నోటి దాకా కూడా రానివ్వలేదు. సిగ్గేసింది. పక్కన స్టీరింగు మీదకి వంగి, కళ్ళు చికిలించుకుని రోడ్డు చూస్తున్న ముసలాడి మీద జాలేసింది.

"ఆవిడ అన్నది నిజమే," అంది మెల్లగా. "బాగానే నడుపుతావు."

బండి కీచుమంటూ రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

వెర్ల్ లోపలి దీపం వేశాడు. ముందు లరూ మొహం చూడలేదు. పిప్ ఎటు చూస్తోందో చూశాడు.