కోయని పేజీలు

"ఈ సాయంత్రం ఆరింటికి ప్రొఫెసర్ కితేరియోని చంపేస్తారు. ఎవరు, ఎలా అన్నది ఈ నవల్లో ఉంది. చదువు," అంటూ కర్నల్ సెవెరీనో పుస్తకాన్ని బల్ల మీద విసిరాడు.

"చదివాను సార్. మూడుసార్లు."

"అయితే నాలుగోసారి చదవవోయ్!"

సీక్రెట్ ఏజెంట్ లియాండ్రోకి ఏడుపొక్కటే తక్కువ. రేపు కోర్టులో ప్రొఫెసర్ నోరు విప్పితే మా లిస్బన్‌లో పాతుకుపోయిన విదేశీ ముఠా అంతా జైలుకెళ్తుంది. అందుకే ఆయన్ని ఈ రోజే లేపేయాలని ప్లాన్. ఆ కబురు తెచ్చింది ఇవోన్. ముఠాలో ఉంటూ మా వాళ్ళకి పనిచేసే డబుల్ ఏజెంట్, మహా అందగత్తె. కోడ్ మొత్తం ఈ డిటెక్టివ్ నవల్లోనే ఉందని, తానూ రాత్రింబవళ్ళు ఇదే చదువుతున్నానని చెప్పింది.

నవలా అది! పీడకల. శవమే వచ్చి కేసు ఒప్పుకోమని డిటెక్టివ్‌ని బతిమాలుతుంది. మెట్లు దిగితే సముద్రం, సముద్రం దాటితే మళ్ళీ అవే మెట్లు. అనుమానితులందరికీ డిటెక్టివ్ ముఖమే. కోడ్ సెక్షన్ వాళ్ళు తిరగేసి, బోర్లేసి చేతులెత్తేశారు. చదివేకొద్దీ లియాండ్రోకి తనే ఆ మెట్ల మీద ఇరుక్కుపోయినట్టనిపించింది. ఒక నిండు ప్రాణం పోబోతోంది, తను పేజీలు తిప్పడం తప్ప ఏమీ చేయలేకపోతున్నాడు.

ప్రొఫెసర్ మాత్రం ఆ సాయంత్రం పుస్తకాల షాపులో ప్రసంగం మానుకోనన్నాడు. "చావుకి జడిసి పుస్తకాల మధ్యకి రాకపోతే ఇక బతికుండి ఏం చేయను బాబూ?"

లియాండ్రో వెయిటర్ వేషంలో కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం దగ్గర గార్డులు పిస్తోళ్ళ కోసం అందర్నీ తడిమారు. పేజీలు కోసే చాకుల్ని ఎవరూ పట్టించుకోలేదు. మా దగ్గర కొత్త పుస్తకం పేజీల అంచులు అతుక్కునే వస్తాయి, చాకుతో కోసుకుంటూ చదువుకోవాలి. చదివేవాడి జేబులో చాకు ఉండడం వింతేమీ కాదు.

ఆకుపచ్చ గౌనులో ఇవోన్ వచ్చింది. చంకలో అదే నవల, చేతిలో దంతపు పిడి చాకు.

"ఏమైనా తేలిందా?" అంది గుసగుసగా.

"నాలుగుసార్లు చదివినా ఏం తేల్లేదు. బుర్ర వేడెక్కిపోతోంది ఇవోన్. నీకు?"

"చివరి అధ్యాయంలోనే ఉంది కీలకం. ఇందాకే మళ్ళీ చదివాను. కాస్త ఇది పట్టుకో, ప్రొఫెసర్‌గారిని పలకరించి వస్తా." పుస్తకం ట్రేలో పెట్టి వెళ్ళింది.

బయట చర్చి గంట ఆరు కొట్టడం మొదలైంది. మునిగిపోయేవాడికి గడ్డిపోచ చాలన్నట్టు, లియాండ్రో ఆమె పుస్తకంలోనే చివరి అధ్యాయం తీయబోయాడు. తెరుచుకోలేదు. మధ్యలో తీయబోయాడు. అదీ రాలేదు. మొదటి పేజీ దగ్గర్నుంచీ అన్నీ అతుక్కునే ఉన్నాయి.

ఈమె ఒక్క ముక్క కూడా చదవలేదు. మరి చదవని పుస్తకాన్ని ఇక్కడ వదిలేసి చాకు ఒక్కటే తీసుకెళ్ళిందేం?

"ప్రొఫెసర్, వంగండి!"

ట్రే గాల్లోకి లేచింది. మరిగే కాఫీ ఇవోన్ ముంజేతిని తాకింది. గురి తప్పిన చాకు ప్రొఫెసర్ గుండె పక్కనుంచి దూసుకెళ్ళి కుర్చీ చెక్కలో దిగింది. దాని మొన దగ్గర చెక్క నల్లగా పొగలు కక్కింది. విషం.

బేడీలు వేస్తుంటే ఇవోన్ అతనికేసి జాలిగా చూసింది. "కోడ్ లేదు, పాడూ లేదు. మీరు నన్ను నమ్మి దగ్గరికి రానివ్వడానికి ఆ కబురు, మిమ్మల్ని చదువుతూ కూర్చోబెట్టడానికి ఆ పుస్తకం. నిజంగా నాలుగుసార్లు చదివావా, పిచ్చివాడా?"

చాకు గుచ్చుకున్నా అంత బాధపడేవాడు కాదు లియాండ్రో.

ప్రొఫెసర్ కింద పడ్డ నవల తీసి దుమ్ము దులిపాడు. "ఎవరైనా ఓ చాకు ఇస్తారా? ఇంత రభస చేసిన నవల ఓసారి చదవాలి."

"వద్దు సార్," అంటూ లియాండ్రో పుస్తకం లాక్కున్నాడు. "ఇప్పుడే కదా మీ ప్రాణం కాపాడాను!"