చెవిటి సాక్షి

పావని స్కూటర్ రాయచూరు బస్టాండులో దొరికింది. పావని దొరకలేదు. స్కూటర్ డిక్కీలో ఆమె ఉబ్బసం ఇన్హేలర్ ఉంది.

"అది లేకుండా మా పిల్ల వీధి చివరికి కూడా వెళ్లదండీ!" అంది తల్లి రాజ్యలక్ష్మి. కూతుర్ని చూద్దామని పొద్దున్నే జాలహళ్ళి నుంచి వచ్చిన మనిషి. రీసెర్చ్ సెంటర్ కారిడార్‌లో గోడవారన బెంచీ మీద కూలబడింది.

ఎస్సై ప్రజ్ఞ గడియారం చూసుకుంది. మే నెల ఎండ. పిల్ల కనపడక మూడు గంటలైంది. ఎక్కడుందో, ఊపిరెలా తీస్తోందో!

క్వారీ పేలుళ్లకు వినికిడి, బ్యాలెన్స్ దెబ్బతిన్న కూలీల మీద డాక్టర్ హేమ చేస్తున్న రీసెర్చ్ అది. టెస్టులు చేసేది పావని. ఈ రోజు చివరగా ఆమె దగ్గర కూర్చున్నవాడు అంబరీశ్. రెండు చెవులూ పోయాయంటాడు. ఇంటికి పోయినవాణ్ణి చంద్రబండ నుంచి పిలిపించారు.

ప్రజ్ఞ ప్రశ్నలు పలక మీద రాసి చూపించింది.

"టెస్టు అయ్యాక?"

"మేడం స్కూటరేసుకొని పోయింది. గంతే చూసిన."

"ఎవరైనా పిలిచారా? గొడవేమైనా?"

"నాకేం ఇనొస్తది మేడం?"

కరెంటు పోయింది. కిటికీ పక్కనే జనరేటర్ బర్రున మొదలైంది.

"నన్నెందుకు ఆపిన్రు? నా పని పాడైతున్నది!" అంబరీశ్ అరిచాడు.

"ఒర్లకయ్యా, తల పగులుతున్నది!" కానిస్టేబుల్ శరణబసవ విసుక్కున్నాడు.

ప్రజ్ఞ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. హేమను పక్కకు పిలిచి ఏదో అడిగింది.

కరెంటు వచ్చాక అంబరీశ్‌కు హెడ్‌ఫోన్లు పెట్టారు. కన్నడ పేపర్ ఇచ్చి, పైకి చదవమని సైగ చేశారు. మెల్లగా మొదలుపెట్టాడు. హేమ హెడ్‌ఫోన్లలోకి హోరు వదిలింది. అతని గొంతు పెరిగింది. హోరు ఇంకా పెంచింది. కేకలు పెట్టి చదువుతున్నాడు. హోరు ఆపేసింది. గొంతు టక్కున దిగిపోయింది.

ప్రజ్ఞ పలక పక్కన పడేసింది.

"హోరుల మనిషికి తన గొంతు తనకే ఇనరాదు. తెల్వకుండనే అరుస్తడు. నిజంగ చెవుడైతే హోరే తెల్వదు, గొంతు మారదు. జనరేటర్ మోగంగనే నువ్వు అరిచినవు. పావని గూడ గిదే పట్టింది గదా? యాడున్నది?"

అంబరీశ్ హెడ్‌ఫోన్లు తీసేశాడు. "చెవిటోళ్ల కోటాల నౌకరీ వస్తుండె మేడం. అబద్ధమని రాస్తనన్నది. బుగులైంది... తోసి తాళమేసిన. బయటికి పోయిందనుకుంటరని స్కూటర్ బస్టాండుల పెట్టొచ్చిన."

అతని వేలు కారిడార్ వైపు లేచింది.

రాజ్యలక్ష్మి బెంచీ వెనకే, ఒకప్పుడు వినికిడి టెస్టులు చేసిన పాత సౌండ్ బూత్. చప్పుడు లోపలికి రాదు, బయటికి పోదు. ఇప్పుడు గోడౌన్. తాళం చూసి పోలీసులంతా దాటిపోయారు. అయ్యో, ఎంత పని జరిగింది!

శరణబసవ తాళం పగలగొట్టాడు. మందపాటి తలుపు తెరుచుకుంది. సెగ ముఖాన కొట్టింది. చీకట్లో, కారిడార్ వైపున్న చిన్న కిటికీ అద్దం కింద పావని. నీలం తిరిగిన పెదవులు. నెత్తురోడుతున్న పిడికిళ్లు. గొంతులో పిల్లికూతలు.

ప్రజ్ఞ డిక్కీలో దొరికిన ఇన్హేలర్ ఆమె నోట్లో పెట్టి నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారికి ఊపిరి లోపలికి పోయింది.

రాజ్యలక్ష్మి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. "ఇక్కడే కూర్చున్నా కదే తల్లీ! ఒక్క కేకైనా వినపడలేదే!"

పావని కళ్లు కిటికీ అద్దం వైపు తిరిగాయి.

"నాకు నీ వీపు కనపడుతూనే ఉందమ్మా. కొడుతూనే ఉన్నా."