కూర్చుని ఆడే ఆట

"కన్నెంతుండాలి?" అని అడిగాడు ఎల్లాజీ, తలెత్తకుండానే.

స్కూటీకి స్టాండు వేసి వచ్చిన అమ్మాయి గతుక్కుమంది. "ఏమిటీ?"

"కన్నండీ, కన్ను. పెద్దదా, సిన్నదా?"

"నా కళ్ళ సంగతి మీకెందుకండీ? వల అల్లుతారని చెబితే వచ్చాను. అల్లుతారా, ఇంకొకరిని చూసుకోమంటారా?"

అప్పుడు తలెత్తి చూశాడు. కళ్ళు పెద్దవే. కోపం వచ్చింది కాబట్టి ఇంకాస్త పెద్దవయ్యాయి. అతను చేతిలోని వల పైకెత్తి, ఒక గడిలోంచి వేలు దూర్చి చూపించాడు.

"దీన్ని కన్నంటారండీ. రొయ్యకో కన్ను, వంజరానికో కన్ను. మీరు ఏ సేపకో సెబితే దానికి తగ్గట్టు అల్లుతాను."

అమ్మాయి మొహం జేవురించింది. కాసేపు తన చెప్పుల వైపు చూసుకుని, "వాలీబాల్‌కి," అంది.

వలల షెడ్డులో చుట్ట కాలుస్తున్న ముసలాళ్ళు ఒకటే నవ్వు. ఎల్లాజీ నవ్వు ఆపుకున్నాడు గాని, ఆ రోజంతా అతని చేతిలో ఒక్క ముడీ సరిగ్గా పడలేదు.

ఆమె పేరు విశాలి. శ్రీకూర్మంలో సంగీతం చెప్పే జానకిరామయ్య మాస్టారి కూతురు. తండ్రి పాట నేర్పబోతే ఆటలు నేర్చుకుని బి.పి.ఎడ్. చేసింది. వికలాంగుల చేత పల్లెల్లో ఆటలాడించాలని ఒక స్వచ్ఛంద సంస్థ పెట్టిన ఉద్యోగంలో చేరి, 2016 ఆగస్టులో ఈ పేటకి వచ్చింది. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే చేపలవాళ్ళ పేట అది.

ఇక మనవాడు ఎల్లాజీ. ఇరవై ఆరేళ్ళు. మూడేళ్ళ కిందట పడవని సముద్రంలోకి తోస్తుంటే అల ఎత్తేసి, పడవ కాలి మీద పడింది. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. పెట్టుడు కాలు రోడ్డు మీద బాగానే నడుస్తుంది, ఇసుకలో మాత్రం దిగబడిపోతుంది. పేటంతా ఇసుకే.

అంతకుముందు ఆ తీరంలో వాలీబాల్ స్మాష్ కొట్టాలంటే ఎల్లాజీయే. ఇప్పుడు పెళ్ళికెళితే "కూసో బాబూ", బస్సెక్కితే "కూసో బాబూ", పడవ ఒడ్డుకొస్తే "నువ్వు కూసోరా, మేం లాగుతాం". పేకాటలో కూడా అతన్ని గెలవనిచ్చేవారు. మనిషి కూర్చున్నాడు గాని మనసు కూర్చోలేదు. గంటకోసారి లేచి షెడ్డు చుట్టూ తిరిగొచ్చేవాడు. వాళ్ళమ్మ లక్ష్మణమ్మ, "కాలుగాలిన పిల్లిలాగ ఏటా తిరుగుడు!" అని తిట్టి, వెంటనే నాలుక కరుచుకునేది.

వారానికి వల పూర్తయింది. తుఫాను షెల్టర్ కింద హాల్లో దాన్ని కట్టబోతే విశాలి, "ఇంకా కిందికి," అంది. అతను దించాడు. "ఇంకా." నడుము దగ్గరికొచ్చింది వల.

"ఇదేటండీ, కోళ్ళకి దడి కడతన్నామా?"

"కూర్చుని ఆడే ఆటండీ ఇది. మీరు కూడా కూర్చోండి."

ఎల్లాజీకి ఎక్కడో మండింది. "కూసోమని సెప్పడానికి ఈ ఊళ్ళో సాలామంది ఉన్నారు. దానికి మీరు శ్రీకూర్మం నుంచి పెట్రోలు కాల్సుకుని రానక్కర్లేదు."

"ఊరికే కూర్చోమనలేదే! కూర్చుని పరిగెత్తమంటున్నాను."

"కూసుని పరిగెత్తడమేటి?" అని అతను నవ్వేలోపు బంతి వచ్చి ముక్కుకి తగిలింది. కొట్టింది చేపలమ్మే తవిటమ్మ. చిన్నప్పుడు పోలియో వచ్చి నడుము వంకరపోయిన మనిషి, నలభై ఏళ్ళుంటాయి. నేల మీద చేతులానించి జరజరా జరుగుతూ, "రారా స్మాషరూ! సూద్దాం నీ పెతాపం!" అంది.

అంతే. కాలు ఊడదీసి గోడకి చేరేసి, ఎల్లాజీ నేల మీదికి దిగాడు.

మొదటి బంతికే గాల్లోకి ఎగిరినంత పని చేసి కొట్టాడు. బంతి అవతల గోడకి తగిలి మోగింది. వెంటనే ఈల. "లిఫ్ట్!" అంది విశాలి.

మూడు చక్రాల బండి మీద వచ్చే కిరాణా కొట్టు జగన్నాధం ఆత్రంగా అడిగాడు. "ఎవరికండీ లిఫ్టు? నా బండిలో ఒకరికి సోటుంది."

"బండి కాదు జగన్నాధం గారూ! బంతి కొట్టేటప్పుడు కూర్చున్న చోటు నేలకి ఆనే ఉండాలి. లేస్తే తప్పు. దాన్ని లిఫ్ట్ అంటారు."

ఎల్లాజీకి అన్నీ లిఫ్టులే. ఎగిరి కొట్టడం ఒంట్లో ఉంది, కాలు పోయినా అది పోలేదు. రోజుకి ఇరవైసార్లు ఈల మోగేది.

"అందర్నీ వదిలేసి నన్నే పట్టుకుంటారేటండీ?"

"అందరూ కూర్చుంటున్నారు. మీరే లేస్తున్నారు."

"కూసోడం నా వల్ల కాదండీ."

"అయితే ఇంటికెళ్ళండి."

వెళ్ళేవాడు కాదు. మర్నాడు నాలుగింటికి ఆట అయితే మూడింటికే వచ్చి వల బిగించేవాడు. బిగిసిన వలని విప్పి మళ్ళీ బిగించేవాడు. సముద్రం మీద మబ్బు వేస్తే భయం. వానొస్తే స్కూటీ రాదేమో! రోడ్డు వంకా ఆకాశం వంకా మార్చి మార్చి చూసేవాడు. ఆమె తడిసిన జుట్టు దులుపుకుంటూ దిగేసరికి ఏమీ ఎరగనట్టు బంతికి గాలి కొడుతూ ఉండేవాడు. అప్పటికే బంతి రాయిలా ఉండేది.

"పేలిపోతుందండీ," అనేది విశాలి.

"ఏటి?" అనేవాడు గుండె పట్టుకుని.

"బంతి."

ఈ భాగోతమంతా లక్ష్మణమ్మ కంట పడకుండా ఎలా ఉంటుంది? ఒక పొద్దున అన్నం పెడుతూ నెమ్మదిగా చెప్పింది. "ఒరే నాయనా, ఆ గుంట మంచిదే. మాస్టారి బిడ్డ, సదువుకున్నది. నిన్ను సూసి జాలిపడి నవ్వుతాది. దాన్ని నువ్వు ఇంకోలాగ అనుకోకు. రేపు నువ్వు ఏడిస్తే నాను సూడలేను."

ఆ ఒక్క మాట ఎల్లాజీకి నిద్ర లేకుండా చేసింది. జాలా? ఆ నవ్వు జాలేనా? ఆట అయ్యాక అమ్మ తెచ్చే మజ్జిగలో ముందు గ్లాసు తనకే ఇచ్చింది, అదీ జాలేనా? కావాలని నీళ్ళసీసా దూరంగా దొర్లించి చూశాడు. ఆమె తియ్యలేదు. హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే, జగన్నాధం సీసా మాత్రం తీసిచ్చింది. అంటే తనంటే లెక్కలేదా? ఇంకోరోజు, "ఇవాళ బాగా ఆడారు," అంది. నిజంగా బాగా ఆడాడో లేదో తెలుసుకోవడానికి తవిటమ్మని మూడుసార్లు అడిగాడు. "బాగానే ఏడిసేవు, నన్ను సేపలు కోసుకోనీ," అని కసిరిందామె.

ప్రేమ కాదంటే ఓర్చుకోగలడు. జాలి అయితే మాత్రం బతకలేడు. అడుగుదామంటే నోరు రాదు. అడక్కుండా ఉందామంటే మనసు ఊరుకోదు.

సెప్టెంబరు చివర్లో కొత్తవలస జట్టుతో మ్యాచ్ కుదిరింది. స్టేషను దగ్గర టీ కొట్టు నడిపే ధనరాజు వాళ్ళ కెప్టెన్. రెండు చేతులతో నేలని తోసుకుంటూ మెరుపులా జరిగే మనిషి. ఆ రోజు ఒకటే వాన. షెల్టర్ హాలు పేట జనంతో నిండిపోయింది. వికలాంగుల ఆటేమిటో చూద్దామని వచ్చినవాళ్ళు, మొదటి సెట్టు సగం కాకముందే ఆ మాటే మరిచిపోయి గొంతులు చించుకున్నారు.

అక్కడున్న వాళ్ళలో రూల్సన్నీ తెలిసింది విశాలి ఒక్కర్తే, అందుకని ఈల ఆమె చేతికే వచ్చింది. ధనరాజు ఒప్పుకోలేదు. "మీ జట్టుకి నేర్పిన అమ్మాయే అంపైరైతే మేం ఆడినట్టేనండీ!"

"తప్పు ఎవరిదైనా ఈల ఒకటేనండీ," అంది విశాలి. పేటవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. మన పిల్ల మనకి కాక ఎవరికి చేస్తుందిలే అని వాళ్ళ ధీమా.

చెరో సెట్టూ అయింది. మూడోది పదిహేను పాయింట్లకి. కొత్తవలస పద్నాలుగు, పేట పదమూడు. జగన్నాధం బంతిని సుతారంగా ఎత్తాడు. వల మీదికి దిగుతున్న ఆ బంతిని చూసేసరికి ఎల్లాజీకి మూడేళ్ళూ మాయమైపోయాయి. కొట్టాడు. అవతల ఇద్దరి మధ్యనుంచి దూసుకెళ్ళి గీత లోపల పడింది.

హాలు దద్దరిల్లింది. పద్నాలుగు పద్నాలుగు! లక్ష్మణమ్మ కొంగు నడుముకి చుట్టి గెంతింది.

ఈల.

విశాలి చెయ్యి పైకెత్తి ఉంది. ఎవరికీ అర్థం కాలేదు. ఎల్లాజీకి మాత్రం అర్థమైంది.

"లిఫ్ట్," అంది. "గేమ్, కొత్తవలస."

"ఎంత లేసేనండీ?" అని అరిచాడు ఎల్లాజీ. "అరంగుళం! అరంగుళం లేసేనేమో!"

"అరంగుళమైనా లిఫ్టే."

"ఇంతమంది సూడంది మీకే కనబడ్డాదా?"

"మీకూ తెలుసు," అంది విశాలి.

తెలుసు. అదే మంట. గోడ దగ్గరికి జరిగి, కాలు తగిలించుకుని, వానలోకి వెళ్ళిపోయాడు. తడి ఇసుకలో పెట్టుడు కాలు అడుగడుగునా కూరుకుపోతోంది, పీకి ముందుకేస్తున్నాడు. ఎక్కడికి వెళ్తున్నాడో అతనికే తెలీదు.

వెనక నుంచి జగన్నాధం బండి కీచుమంటూ వచ్చింది. అందులో ఇరుక్కుని కూర్చున్న తవిటమ్మ తిట్లు బండికంటే ముందే వచ్చాయి.

"ఆగరా! దానికేం పోయేకాలం? మూడేళ్ళకి ఓ మంచి దెబ్బ కొట్టేవు, ఊరంతా మురిసిపోతే, సూడనట్టు ఊరుకుంటే దాని సొమ్మేటి పోయింది? ఆ గుంటకి నీ మీద కాసింత జాలైనా లేదురా!"

ఎల్లాజీ టక్కున ఆగిపోయాడు.

"ఏటన్నావు?"

"జాలి లేదన్నాను! రవ్వంత లేదు!"

"మళ్ళీ అను."

"ఒరే, పిచ్చి గాని పట్టిందా నీకు?"

వానలో నిలబడి ఎల్లాజీ నవ్వడం మొదలుపెట్టాడు. పేకాటలో గెలిపించారు. పెళ్ళిలో ముందు విస్తరి వేశారు. మూడేళ్ళుగా అతని తప్పుని తప్పనడానికి ఊళ్ళో ఒక్కరికీ నోరు రాలేదు. ఊరంతా చూస్తుండగా, ఊరంతా తిడుతుందని తెలిసీ, ఆ ఒక్క అమ్మాయి చెయ్యెత్తింది. తవిటమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుని, గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఓలమ్మో, నిజంగానే పట్టింది," అంది తవిటమ్మ.

హాలు ఖాళీ అయిపోయింది. విశాలి నేల మీద కూర్చుని వల చుడుతోంది. ముక్కు ఎర్రగా ఉంది. అతన్ని చూసి గబగబా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తిట్టడానికొచ్చారా? కానివ్వండి. అందరూ తిట్టేశారు. మీ అమ్మగారైతే నాకు మజ్జిగ ఇవ్వనన్నారు."

"లేసేను," అన్నాడు ఎల్లాజీ. "అరంగుళం కాదు, అంగుళం."

"అంగుళంన్నర."

అతను నీళ్ళోడుతూ ఎదురుగా కూలబడ్డాడు. అడగాల్సింది గొంతులోనే ఉంది. నెల రోజులుగా ఉంది. "ఒక్క మాట సెప్పండి. ఆ ఈల ఊదేటప్పుడు మీకేటీ అనిపించలేదా?"

విశాలి వల ముడి బిగించి పక్కన పెట్టింది.

"అనిపించింది," అంది. "ఇన్ని మ్యాచ్‌లు ఆడించాను, ఎప్పుడూ ఇలా కాలేదు. బంతి గీత లోపల పడగానే నాకూ అరవాలనిపించింది. ఈ ఒక్కసారికి చూడనట్టు ఊరుకోవే అని మనసు పోరుపెట్టింది. ఊరుకుంటే రేపటి నుంచి నీ మొహం ఎలా చూస్తాను? నీకు అబద్ధపు గెలుపు ఎలా ఇస్తాను?"

బయట వాన హోరు. ఎల్లాజీకి మాత్రం ఒక్క మాటే వినిపించింది.

"నీకా?" అన్నాడు. "మీరు... నన్ను నీకు అన్నారు."

విశాలి నాలుక కరుచుకుంది. చెంపలు మళ్ళీ జేవురించాయి. అయినా తల దించుకోలేదు.

"అన్నాను. తప్పా?"

"తప్పేటి! మళ్ళీ ఒకసారి అనండి."

"నువ్వు," అంది విశాలి. "నువ్వు, నువ్వు, నువ్వు. చాలా?"

చాలదని చెప్పబోతుంటే గుమ్మంలో లక్ష్మణమ్మ గొడుగు ముడుస్తూ కనబడింది. ఎప్పటి నుంచి అక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. కొడుకు మొహం చూసింది, ఆ పిల్ల మొహం చూసింది. కొంగు చాటునుంచి స్టీలు గ్లాసు తీసి విశాలి చేతిలో పెట్టింది.

"తాగు. కోపంలో ఏదో అనేసేను." తర్వాత దిగులుగా, "మాస్టారు ఒప్పుకుంటారేటమ్మా? మేం సేపలోళ్ళం. ఈడికి సూస్తే కాలు లేదు," అంది.

"మా నాన్న శిష్యుల్లో నన్ను తిట్టినట్టు ఎవర్నీ తిట్టరండీ," అంది విశాలి మజ్జిగ తాగుతూ. "సొంత కూతురికే అపస్వరం ఒప్పుకోని మనిషి. కోప్పడతారు, వారం రోజులు మాట్లాడరు. కానీ ఎవర్నీ చూసి జాలిపడరు. అది మాత్రం నాది పూచీ."

ఎల్లాజీ అప్పటికే లేచి నిలబడ్డాడు. "అయితే రేపే వెళ్దాం."

"రేపెందుకు? నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి ఎలాగూ ఇప్పుడు ఆయనే వస్తున్నారు, వానలో స్కూటీ వద్దని ఫోన్ చేశారు."

"ఇప్పుడా!" ఎల్లాజీ తడిసిన చొక్కా చూసుకున్నాడు, జుట్టు సవరించుకున్నాడు, గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. "వస్తే ఏటని సెప్పాలి? మ్యాచ్ సంగతి అడిగితే?"

"నిజం చెప్పు."

"ఓడిపోయేనని సెప్పుకోమంటావా, మొదటిసారి సూసిన మావగారికి?"

ఆ "మావగారు" విని లక్ష్మణమ్మ నోరు నొక్కుకుంది. బయట ఆటో ఆగిన చప్పుడయింది. గుమ్మంలోకి తెల్లటి పంచె, నల్లటి గొడుగు వచ్చాయి. విశాలి లేచి తండ్రికి ఎదురెళ్ళి, ఎల్లాజీ వైపు చెయ్యి చూపించింది.

"నాన్నా, ఇతను ఎల్లాజీ. ఇవాళ ఇతన్ని నేనే ఓడించాను. అయినా నాకోసమే నిలబడి ఉన్నాడు."