ట్రుఫీనా చెప్పిన ఉదాహరణ

నంజాలా మూడు గిన్నెల్లో రాగిజావ పోసి నాలుగోదాన్ని బోర్లించే ఉంచింది. శుక్రవారాలు అత్తగారు నమాల్వా సాయంత్రం దాకా ఏమీ ముట్టదు. మనవరాలు ట్రుఫీనా పుట్టాక ఇంట్లో మరో బిడ్డ రాకపోవడంతో మొదలుపెట్టిన ఉపవాసం అది.

"ఈ ఒక్కరోజు కాస్త తాగండమ్మా. ఎండలో బడిదాకా నడవాలి," అంది నంజాలా.

"దేవుడికి మాటిచ్చి మధ్యలో తప్పుకుంటే ఎలా, ట్రుఫీనా వాళ్లమ్మా?" తలగుడ్డ బిగించుకుంటూ నవ్వింది నమాల్వా. "నా మనవరాలు ఇంగ్లీషులో వాదిస్తుంటే ఆకలెవరికి గుర్తుంటుంది?"

"నీకు ఒక్క ముక్కైనా అర్థమవుతుందా?" అని ఎగతాళి చేశాడు నంజాలా భర్త బరాసా. అతను చక్కెర మిల్లుకి చెరుకు తోలే ట్రాక్టరు నడుపుతాడు.

"అర్థం కాకపోతే చప్పట్లు కొట్టకూడదని రూలుందా?"

ట్రుఫీనా కిసుక్కున నవ్వింది. నంజాలా మాత్రం బోర్లించిన గిన్నె వైపు చూడకుండా పుస్తకాల సంచీ సర్దుకుంది.

బుంగోమా పట్నం దగ్గరి ఆ పల్లె బడిలో నంజాలా ఏడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. ఆమె రాకముందు పిల్లలు పాఠాలు బట్టీపట్టి అప్పజెప్పేవాళ్లు. నోరు తెరిచి నాలుగు మాటలు సొంతంగా చెప్పమంటే తలలు దించుకునేవాళ్లు. అందుకే ఆమె వాదోపవాదాలు పెట్టింది. తప్పులు మాట్లాడినా మధ్యలో ఆపేది కాదు. "పుస్తకంలో ఉన్నది నాకొద్దు. మీరు కళ్లారా చూసింది చెప్పండి. ఎందుకో కారణం చెప్పండి," అనేది. ఈసారి అంశం, పెద్ద కుటుంబం మేలా, చిన్న కుటుంబం మేలా. ఆ చుట్టుపక్కల ఈ విషయం మీద చెప్పడానికేమీ లేని పిల్లాడుండడు.

ఆ శుక్రవారం వాదన వినడానికి తల్లిదండ్రులు కూడా వచ్చారు. పెద్ద కుటుంబం పక్షాన లేచిన వైక్లిఫ్ అనే పిల్లాడు చొక్కా సవరించుకున్నాడు.

"మా ఇంట్లో జ్వరమొస్తే నీళ్లిచ్చేవాళ్లకి కొదవలేదు. బంతాటకి పొరుగింటి నుంచి ఎవర్నీ అరువు తెచ్చుకోం. కాకపోతే కోడి వండిన రోజు మాత్రం చిన్న కుటుంబం బాగుండుననిపిస్తుంది," అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. తర్వాత ట్రుఫీనా లేచింది. చీటీలో ఆమెకి చిన్న కుటుంబం పక్షం వచ్చింది.

"నేను చూసిందే చెబుతాను," అని మొదలుపెట్టింది. "మా అమ్మకి నేనొక్కదాన్నే. అది దేవుడు చేసింది కాదు, అమ్మ నిర్ణయం. కొన్ని నెలలకోసారి పట్నం ఆస్పత్రిలో నర్సు ఆమెకి పిల్లలు పుట్టకుండా సూది వేస్తుంది. అందువల్లే అమ్మ కాలేజీకెళ్లి చదువుకుంది, మీ అందరికీ పాఠం చెప్పగలుగుతోంది."

ఇంగ్లీషు తెలిసిన ఆడవాళ్లిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు దగ్గాడు. నంజాలా బల్ల అంచు పట్టుకుంది. వెనక బెంచీ మీద నమాల్వా ఒక్కతే లేచి నిలబడి, అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది.

ఇంటిదారిలో చెరుకుతోటల మధ్య నమాల్వా మనవరాలి భుజం మీద చెయ్యేసి నడిచింది. నంజాలా వెనకే వస్తోంది.

"ఏం చెప్పావే, అందరూ అలా గుడ్లప్పగించి చూశారు?"

"అమ్మ గురించి చెప్పాను కుఖూ," అంది ట్రుఫీనా. నానమ్మని కుఖూ అనే పిలుస్తుంది. చెప్పిందంతా తమ భాషలోకి మార్చి, ఒక్క మాట వదలకుండా వినిపించింది.

నంజాలా "ట్రుఫీనా" అని పిలిచింది గానీ అప్పటికే ఆలస్యమైంది. నమాల్వా చెయ్యి మనవరాలి భుజం మీంచి జారింది. మిగతా దారంతా ఆమె ఒంటరిగా ముందు నడిచింది.

ట్రుఫీనాని ఆస్పత్రిలో కంటానని అప్పట్లో నంజాలా అంటే, ఇంట్లోనే మంత్రసాని చేత పురుడు పోయిస్తానని పట్టుబట్టింది నమాల్వానే. రక్తం ఆగక, చివరికి ట్రాక్టరులో వేసుకుని పట్నం పరిగెత్తారు. తల్లీబిడ్డా బతికారు. ఆ తర్వాత కడుపు పండకపోవడానికి తన మొండితనమే కారణమని నమాల్వా నమ్మింది. ఆ నమ్మకంతోనే కోడల్ని ఒక్క మాట అనలేదు. పసిపిల్లను తన వీపున కట్టుకుని కోడల్ని కాలేజీకి పంపింది. అత్తగారు ఏమనుకుంటోందో నంజాలాకి తెలుసు. తెలిసీ ఊరుకుంది. ఆ అపోహ తనకి పనికొచ్చింది గనక.

సాయంత్రం బరాసా వచ్చేసరికి నమాల్వా గుమ్మంలో కూర్చుని ఉంది.

"సూది సంగతి నీకు తెలుసా?" అని అడిగింది కొడుకుని.

బరాసా పెళ్లాం వైపు చూశాడు, తర్వాత టీ కప్పులోకి.

"తెలుసన్నమాట," అంది నమాల్వా. "చర్చిలో ఆడవాళ్లందరి ముందూ మోకాళ్లమీద పడి ఏడ్చాను. నా కోడలి కడుపు నేనే పాడుచేశాను, క్షమించు తండ్రీ అని. నువ్వు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డావు. విన్నావు కదరా?"

"విన్నానమ్మా."

"బిడ్డలొద్దనుకున్నారు, సరే. నన్నెందుకిలా పాపం మోయనిచ్చారు?"

"మా అమ్మకి తొమ్మిదిమందిమి," అంది నంజాలా సన్నగా. "పెద్దదాన్నని ఎప్పుడూ ఎవరో ఒకరు నా వీపున ఉండేవాళ్లు. తరగతిలో కూడా. మళ్లీ ఆ బరువు నావల్ల కాదనిపించింది. చెబితే మీరు..."

"నీ బరువు దించుకుని నా మీద పెట్టావు," అంది నమాల్వా. గొంతు పెంచలేదు. లేచి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ట్రుఫీనా వంటింట్లో మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కుతోంది. "నావల్లే అమ్మా. నేను చెప్పకుండా ఉండాల్సింది."

నంజాలా పక్కన కూలబడింది. "నువ్వు చూసింది చెప్పావు. ఊళ్లో పిల్లలందరికీ కారణాలు చెప్పమని నేర్పాను గానీ, ఈ ఇంట్లో నేను నోరు విప్పలేదు. సిగ్గుపడాల్సింది నేను."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లు ఎప్పటిలాగే చర్చి వెనక గదిలో కూర్చున్నారు. నమాల్వా మూలగా, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. నంజాలా వచ్చి అందరి మధ్యా నిలబడింది.

"మా అత్తగారు ఇక్కడ నా కోసం చాలాసార్లు ఏడ్చారు. ఆమె వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదు. పిల్లలు ఇక వద్దనుకున్నది నేను. సూదులు వేయించుకున్నాను. ఆమె తనని తాను తిట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. అడిగితే చెప్పాల్సొస్తుందని, ఆమె అడగకపోవడమే మంచిదనుకున్నాను."

గుసగుసలు మొదలయ్యాయి. "టీచరమ్మట," అంది ఒకావిడ. "ఇలాంటిదాని దగ్గరకా మన ఆడపిల్లల్ని పంపేది?"

నంజాలా మాట ఆపి నేల చూపులు చూసింది.

మూలనుంచి నమాల్వా లేచింది. "నా కోడలు ఇంకా ముగించలేదు. అయ్యేదాకా నోళ్లు మూసుకోండి."

గది సద్దుమణిగింది. కానీ నంజాలా ముగించలేకపోయింది. "క్షమించండమ్మా" అన్న ఒక్క మాట మాత్రం ఏడుపులో కలిసిపోయి వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ కలిసే నడిచారు. వాగు దాటాక నమాల్వా ఆగి, చెప్పులో దూరిన రాయి దులుపుకుంది.

"అప్పుడే చెప్పుంటే ఏం చేసేదాన్నో తెలుసా?" అంది.

"ఏం చేసేవారమ్మా?"

"కోప్పడేదాన్ని. గిన్నెలు విసిరేదాన్ని. మా అన్నయ్యింటికి వెళ్లిపోయేదాన్ని. ఒక నెల." ఆమె చెప్పు మళ్లీ తొడుక్కుంది. "నెల తిరిగేసరికి పిల్ల మీద బెంగతో తిరిగొచ్చేదాన్ని. ఆ నెల కోపానికి భయపడి, నా ఇన్నేళ్లు తినేశావు కదే."

నంజాలా దారిలోనే కూర్చుండిపోయింది. చేతుల్లో ముఖం దాచుకుని భుజాలు అదిరేలా ఏడ్చింది. నమాల్వా చెయ్యి చాచింది.

"లే. ఆ నెల ఇవాళ్టి నుంచి మొదలనుకో. అది అయ్యేదాకా నీతో సరిగ్గా మాట్లాడను. నీళ్లు నువ్వే తేవాలి, వంట నువ్వే చెయ్యాలి."

"అలాగే అమ్మా," అంటూ నంజాలా ఆ చెయ్యి పట్టుకుని లేచింది. ఇంటిదాకా ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.