చెరిగిపోయిన తాతయ్య మొహం

"పుల్లమ్మా, నేను వచ్చేదాకా ప్రింట్ మిషన్ ముట్టుకోకు. తాతయ్య ఫోటో ఇద్దరం కలిసి ప్రింట్ తీద్దాం," అని చెప్పి అమ్మ చెప్పులు వేసుకుంది.

పుల్లలా ఉంటుందని ఆ పిల్లకి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు పుల్లమ్మ. అమ్మ ఇంటి ముందుగదిలోనే ఫోటోలు ప్రింట్ తీసి ఇస్తుంది. ఆ మధ్యాహ్నం ఎవరివో ఫోటోలు ఇచ్చి రావడానికి బయల్దేరింది.

అమ్మ అలా వెళ్లిందో లేదో, వెనకగదిలోంచి నానమ్మ పిలిచింది.

"మీ తాతయ్య ఏరే? ఒక్కసారి మొహం చూపించవే."

పుల్లమ్మ ఉలిక్కిపడింది. నానమ్మకి మతిమరుపు జబ్బు. ఈమధ్య కన్నకొడుకునే "మీరెవరండీ?" అని అడుగుతోంది. తాతయ్య పోయి చాలా కాలమైంది. ఆయన ఊసు ఎత్తడమే మానేసింది. అలాంటిది ఇవాళ గుర్తొచ్చాడు. అమ్మ వచ్చేలోపు మళ్లీ మర్చిపోతే?

పుల్లమ్మ నున్నటి ఫోటో కాగితం మిషన్‌లో పెట్టింది. ఏ కాగితమని కంప్యూటర్ అడిగిన చోట 'మామూలు కాగితం' అనే ఉంది. అది మార్చాలని తోచలేదు. బటన్ నొక్కేసింది.

తాతయ్య బయటికొచ్చాడు. నల్లటి మీసం, నవ్వే కళ్లు. పుల్లమ్మ పరుగెత్తుకెళ్లి ఫోటో నానమ్మ ఒళ్లో పెట్టింది.

"వచ్చారా!" అంది నానమ్మ. మొహం వెలిగిపోయింది. వేళ్లతో తాతయ్య చెంప నిమిరింది.

చెంప చెరిగిపోయింది. మీసం, కళ్లు కలిసి ఒక నల్లటి మరక అయిపోయాయి.

నానమ్మ తన వేళ్ల వంక చూసుకుంది. "అయ్యయ్యో, నేనే చెరిపేశానా?"

అమ్మ తిడుతుందన్న భయంలో పుల్లమ్మ మాట జారింది.

"అవును నానమ్మా. నువ్వే గట్టిగా రుద్దేశావు."

నానమ్మ ఏడ్చింది. చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మ వచ్చింది. ఫోటో చూడగానే ఆమెకి అర్థమైపోయింది.

"కాగితం పేరు మార్చలేదు కదూ? మిషన్‌లో నల్ల సిరా రెండు రకాలు తల్లీ. ఒకటి అక్షరాలకి. అందులో రంగు సన్నటి పొడిలా ఉంటుంది. మామూలు కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది కానీ, ఈ నున్నటిదాని మీద పైపైనే నిలబడిపోతుంది. రెండోది ఫోటోలకి. అది లోపలికి ఇంకుతుంది. ఏ కాగితమో మనం చెబితేనే దానికి తెలిసేది."

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది పుల్లమ్మకి.

అమ్మ సరైన నలుపుతో మళ్లీ తీసి, బాగా ఆరనిచ్చింది. సాయంత్రం ఇద్దరూ ఆ ఫోటో తీసుకుని నానమ్మ దగ్గరికి వెళ్లారు.

"ఎవరీయన?" అంది నానమ్మ.

"తాతయ్య! పట్టుకో నానమ్మా."

నానమ్మ గబుక్కున చేతులు దుప్పటి కింద దాచుకుంది. "వద్దమ్మా. నేను ముట్టుకుంటే పాడైపోతాయి."

ఏది పాడైందో ఆమెకి గుర్తులేదు. భయం ఒక్కటే మిగిలిపోయింది.

పుల్లమ్మ ఫోటో పక్కన పెట్టింది. తనేమన్నదీ అమ్మకి తెలియదు. విన్న నానమ్మకేమో గుర్తే లేదు. ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు.

"నువ్వు పాడు చెయ్యలేదు నానమ్మా. నేనే తప్పుగా తీశాను. నువ్వు చెరిపావని అబద్ధం చెప్పాను," అంది.

అమ్మ చటుక్కున తిరిగి చూసింది. నానమ్మ మాత్రం పరాయి పిల్లని చూసినట్టు చూసింది.

"ఎవరమ్మాయివి తల్లీ? ఏడవకు," అంది.

మర్నాడూ నానమ్మ ఫోటో ముట్టుకోలేదు. ఆ తర్వాతా అంతే.

ఇప్పుడు బడి నుంచి రాగానే పుల్లమ్మ ఆ మంచం పక్కన కూర్చుంటుంది. తాతయ్య చెంప మీద తన వేలు రాసి చూపిస్తుంది.

"చూడు, ఏమీ అంటలేదు. ఆ రోజు పాడు చేసింది నేను. నువ్వు కాదు."

నానమ్మ శ్రద్ధగా వింటుంది. చేతులు మాత్రం దుప్పటి కిందే ఉంటాయి.

"ఈయన ఎవరు?" అని అడుగుతుంది.

పుల్లమ్మ మళ్లీ మొదటినుంచి చెబుతుంది.