తాతయ్యకు లేని మతిమరుపు

జాయిస్ అన్నం తింటుండగా అమ్మ ఫోన్ మోగింది. అవతల ఎవరిదో కొత్త గొంతు.

"అమ్మా, మీ పెద్దాయన దొరికాడు! కంచికచర్ల బస్టాండులో కూర్చోబెట్టాం. తొందరగా రండి!"

అమ్మ జయమణి తల పట్టుకుంది. తాతయ్య ఏసురత్నం తప్పిపోలేదు. వీరులపాడులో గృహ ప్రార్థనకు డోలక్ వాయించడానికి బయలుదేరారు, అంతే.

ఇదంతా జాయిస్ నిర్వాకం. పోయిన నెల ఒకరోజు చీకటి పడ్డా తాతయ్య నందిగామలో ఇంటికి చేరలేదు. జాయిస్ కంగారుగా ఆయన ఫోటో, అమ్మ నంబరు పెట్టి, 'తప్పిపోయారు' అని సోషల్ మీడియాలో పోస్టు చేసింది. 'మతిమరుపు ఉంది' అని ఒక ముక్క కలిపింది. అలా రాస్తే జాలిపడి ఎక్కువమంది షేర్ చేస్తారు కదా!

తాతయ్య కాసేపటికే వచ్చేశారు. జాయిస్ పోస్టు తీసేసింది. కానీ పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. అప్పటికే ఎవరెవరో ఆ ఫోటోను తమ పేజీల్లో పెట్టేసుకున్నారు. ఆ యాప్ కంపెనీకి ఎన్నిసార్లు రాసినా 'మీ ఫిర్యాదు అందింది' అని ఒకటే జవాబు. కోట్లమంది తిరిగే ఆ చోట తన మాట వినే మనిషి ఒక్కరూ దొరకలేదు.

అమ్మా జాయిసూ ఆటో ఎక్కి కంచికచర్ల బస్టాండుకు పరుగెత్తారు. జనం మధ్యలో తాతయ్య డోలక్ పట్టుకుని కూర్చున్నారు.

"నాకు మతి బాగానే ఉందమ్మా," అంటున్నారు.

"మతిమరుపోళ్ళంతా అట్టాగే అంటారు పెద్దాయనా," అంది పూలమ్మే పుల్లమ్మ. అందరూ నవ్వారు.

తాతయ్య నవ్వలేదు. "జయా, ఇంక నేను ఎక్కడికీ వెళ్ళనమ్మా. నా మాట ఎవరూ నమ్మట్లా."

జాయిస్‌కు ఏడుపొచ్చింది. అమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోగా జాయిస్ సిమెంటు బెంచీ ఎక్కేసింది.

"ఏమండీ! మా తాతయ్యకి మతిమరుపు లేదు. షేర్ చేస్తారని నేనే అబద్ధం రాసా. ఆయన్ని పోనివ్వండి."

ఒకతను ఫోన్ పైకెత్తాడు. "మళ్ళీ చెప్పు పాపా, వీడియో తీస్తా. వైరల్ అవుద్ది!"

"వద్దన్నా. ఇక్కడివాళ్ళకి మీరు చెప్పండి చాలు. దారిలో వాళ్ళకి నే చెప్పుకుంటా."

వీరులపాడు బస్సు వచ్చింది. జాయిస్ తాతయ్య చెయ్యి పట్టుకుని లేపింది. ముగ్గురూ ఎక్కారు. తర్వాతి స్టాపులో జాయిస్ గబగబా దిగి, టీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. డ్రైవరు హారన్ కొట్టాడు.

తాతయ్య కిటికీలోంచి చూసి, "ఒక్క నిమిషం ఆగు బాబూ," అన్నారు. "మా మనవరాలు మాట్లాడుతోంది."