పేరులేని గోరీ మీద మల్లెపూలు

ఎన్నడూ పుట్టని మనిషి గోరీ మీద తాజా మల్లెపూలు కనిపించేసరికి రాజేశం గుండె ఆగినంత పనయింది.

పూలే కాదు, పక్కన కాలిపోయిన అగరుబత్తి పుల్లలు కూడా ఉన్నాయి. దగ్గరలో ఉన్న చెట్టుకొమ్మకు ఎవరో ఎర్రదారం కట్టిపోయారు.

కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులుండే సాత్‌గుంబజ్ తోట అది. ఆదివారం కావడంతో టూరిస్టు బస్సు దిగిన జనం ఆ చిన్న గోరీ చుట్టూ మూగారు. వాళ్ళ మధ్యలో నిలబడి గైడ్ నవత కథ చెబుతోంది.

"మాలన్ అంటే పూలమ్మే పిల్ల. కోట దర్వాజా కాడ కూసొని మల్లెపూలు అమ్మేది. ఒక సిపాయి రోజూ వచ్చి పూలు కొనేటోడు. కొనేటోడు, పోయేటోడు. ఒక్క మాట మాట్లాడకపోయేది. ఒకనాడు యుద్ధానికి పోయిండు. మళ్ళ రాలే. ఆ పిల్ల ఎదురుచూసి చూసి ఇక్కడ్నే కన్నుమూసింది."

ఒక పెద్దావిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆమె భర్త గోరీకి దండం పెట్టాడు.

రాజేశం మాత్రం జనం వెనక్కి జరిగాడు. మాలన్‌ను చంపింది అతనే. పుట్టించిందీ అతనే.

రాజేశంది జగిత్యాల దగ్గర ఊరు. అశోక్‌నగర్‌లో ఈరన్న అనే మిత్రుడితో కలిసి ఒక గది కిరాయికి తీసుకుని గ్రూప్ వన్‌కు చదువుతున్నాడు. నవత చిక్కడపల్లి పిల్ల. వాళ్ళ నాన్న కిషన్‌రావు నారాయణగూడ నుంచి సిటీ టూర్ బస్సు నడుపుతాడు. ప్రతి ఆదివారం బిర్లామందిర్, సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, గోల్కొండ, చివరికి సాత్‌గుంబజ్. ఆ బస్సుకు భార్య పేరే పెట్టుకున్నాడు: రాజకుమారి టూర్స్.

ఇద్దరికీ పరిచయమైంది లైబ్రరీలో. పరిచయం అనడం కంటే జగడం అనడం న్యాయం. హైదరాబాద్ చరిత్ర పుస్తకాన్ని చెరో అంచునా పట్టుకున్నారు.

"నేను ముందు పట్టుకున్న," అంది ఆమె.

"నేను ముందు చూసిన."

"చూస్తే మీదైతదా? గట్లయితే చార్మినార్ నాది. చిన్నప్పటి సంది చూస్తున్న."

రాజేశం నవ్వాడు. నవ్వితే వేళ్ళు వదులయ్యాయి. పుస్తకం ఆమెకు పోయింది.

మరునాడు ఆమే వెతుక్కుంటూ వచ్చింది. నాన్న బస్సులో కొత్తగా గైడ్‌గా చేరిందట, తేదీలు, రాజుల పేర్లు అన్నీ కలగాపులగం అవుతున్నాయట. "జర చెప్పున్రి సార్. ఆదివారం ముందు సీటు మీకే."

అలా అతను మాస్టారయ్యాడు. మ్యూజియంలో, ముసుగులోంచి ముఖం కనిపించే పాలరాతి బొమ్మను ఎవరు కొనుక్కొచ్చారని అడిగితే చెప్పాడు. గోల్కొండ దర్వాజా కింద చప్పట్లు కొడితే పైకెందుకు వినిపిస్తుందంటే అదీ చెప్పాడు. ఆమె అరచేతిలో గడ్డం ఆనించుకుని వినేది.

"మీకు తెల్వనిది అస్సలే లేదా?"

ఆ మాటే అతని కొంప ముంచింది.

అశోక్‌నగర్ గదుల్లో ఒక అలిఖిత చట్టం ఉంది. జవాబు తెలియకపోయినా ప్రశ్నను ఖాళీగా వదలకూడదు. ఏదో ఒకటి దిద్దిరావాలి. తగిలితే మార్కు, తగలకపోతే పోయేదేమీ లేదు. ఏళ్ళ తరబడి ఆ చట్టం కింద బతికినవాడికి "తెల్వదు" అనే మాట నాలుక మీదికి రావడం మానేస్తుంది.

అలా ఒక ఆదివారం సాత్‌గుంబజ్‌లో ఉన్నట్టుండి వాన కురిసింది. ఇద్దరూ ఒక కమాను కిందికి పరుగెత్తారు. ఆమె జడలోని మల్లెలు తడిసి రెట్టింపు వాసన వేస్తున్నాయి. చెంపకు అంటుకున్న వెంట్రుకను తొలగించుకుంటూ వానలో తడుస్తున్న చిన్న గోరీని చూపించింది.

"పాపం, దానికి పేరు గూడ లేదు. ఎవరిది సార్?"

అతనికి తెలియదు. తెలియదని చెప్పడానికే నోరు తెరిచాడు. ఆమె కళ్ళు అతని మీదే ఉన్నాయి. నోట్లోంచి మాలన్ నడిచొచ్చింది.

"ఏ పుస్తకంల ఉంది ఇది?" అంది నవత, కళ్ళలో నీళ్ళతో.

"పాత ఫార్సీ పుస్తకం," అన్నాడు రాజేశం. ఒక అబద్ధానికి తోడు కావాలి కదా.

ఇప్పుడు ఆ అబద్ధం మీద మల్లెపూలున్నాయి.

జనం కాస్త పలచబడగానే ఆమెను పక్కకు పిలిచాడు. "ఆ పూలు ఎవరు పెట్టిన్రు?"

"నేనే," అంది నవత సిగ్గుపడుతూ. "పొద్దుగాల్ల నాన్న స్కూటర్ మీద తోలుకొచ్చిండు."

"ఎందుకు?"

"మీ మెయిన్స్ కోసం మొక్కిన. పాసైతే గోరీ మీద చాదర్ కప్పుతా అన్న. ఎవ్వరికి చెప్పొద్దు మళ్ళ! నాన్నకైతే ఈ కథ మస్తు నచ్చింది. వచ్చే నెల పాంప్లెట్ల మీద మాలన్ బొమ్మ కొట్టిస్తడంట."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "నవతా, అది..."

"అమ్మా, కథ మంచిగ చెప్పినవ్," అంటూ వచ్చాడు ఒక పెద్దమనిషి. భుజాన గుడ్డసంచి, కళ్ళకు దళసరి అద్దాలు. "నా పేరు రామచంద్రం. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన. ఈ సమాధుల మీద వచ్చినయన్నీ చదివిన. ఈ మాలన్ మాత్రం నాకు యాడ తగల్లే. ఏ పుస్తకంల ఉంది?"

నవత ముఖం వెలిగింది. "ఈయనే చదివిండు సార్. రాజేశం సార్ చెప్తడు చూడున్రి."

బస్సు జనమంతా అతనివైపు తిరిగారు. రామచంద్రం గారి అద్దాల వెనక కళ్ళు కోపంగా లేవు. అదే మరీ కష్టంగా ఉంది.

"నేను వేరే ఏదో చెప్పిన సార్," అన్నాడు రాజేశం. "ఆమెనే... జర కలిపి చెప్పింది."

నవత తలెత్తింది. అతన్ని చూసింది. ఎవరో తెలియని మనిషిని పోల్చుకోవడానికి చూసినట్టు చూసింది. తర్వాత తల దించుకుంది.

"తప్పమ్మా," అన్నాడు రామచంద్రం మెల్లగా. "ఆ గోరీల నిజంగనే ఎవరో ఉన్నరు. పేరు పోయింది, సరే. మన ఇష్టమొచ్చిన పేరు పెట్టే హక్కు మనకెక్కడిది?"

తిరుగు ప్రయాణంలో మైకు మోగలేదు. నారాయణగూడలో బస్సు దిగేటప్పుడు సంగతి కిషన్‌రావు దాకా పోయింది. ఆయన కేకలు వేయలేదు. కూతురి చేతిలోంచి మైకు తీసుకుని, "బస్సు మీద మీ అమ్మ పేరున్నది బిడ్డా," అన్నాడు. అంతే.

ఎస్టీడీ బూత్ చాటున నిలబడి రాజేశం అంతా చూశాడు. ముందుకు రాలేదు.

ఆ వారమంతా పుస్తకం తెరిస్తే అక్షరాలకు బదులు ఆమె చూపే కనిపించింది. చిక్కడపల్లి సందులంటేనే భయం పట్టుకుంది.

"ఏందిరా, లైబ్రరీకి కవాడిగూడ మీదికెల్లి తిరిగి పోతున్నవంట?" అన్నాడు ఈరన్న. "కాళ్ళకు ఎక్సర్సైజా?"

రాజేశం దాచలేకపోయాడు. అంతా చెప్పాడు. ఈరన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"పరీక్షల తప్పు దిద్దితే నీకు మార్కు రాదు, అంతే. గీడ ఆ పిల్ల మార్కులు పోయినయ్ గదరా. నువ్వేమో గీడ కూసొని ముఖం మాడ్చుకుంటున్నవ్. సిగ్గుండాలె."

"ఉంది."

"ఉంటే గదిల పెట్టుకుంటే ఏమొస్తది? బయటికి తీస్కపో."

మరునాడే రాజేశం అడ్రస్ కనుక్కుని రామచంద్రం గారింటికి వెళ్ళాడు. అరుగు మీద నిలబడే బతిమాలాడు: "ఆదివారం ఒక్కసారి మళ్ళ బస్సు కాడికి రావాలె సార్. ఎందుకో గాడనే చెప్త." ఆయన అతన్ని ఎగాదిగా చూసి, "సరే, గొడుగు తెచ్చుకుంట," అన్నాడు.

ఆదివారం నారాయణగూడలో సన్నగా తుంపర పడుతోంది. బస్సులో కిషన్‌రావు కళ్ళజోడు సవరించుకుంటూ కాగితం చూసి మైకులో చదువుతున్నాడు. గోల్కొండను ఎప్పుడు కట్టారో చదివి, మళ్ళీ వెనక్కిపోయి చార్మినార్ చదువుతున్నాడు. జనం ఆవలిస్తున్నారు.

నవత బయట టికెట్ల బల్ల దగ్గర కూర్చుంది. జడలో పూలు లేవు.

"టికెట్లు అయిపోయినయ్," అంది తలెత్తకుండానే. టికెట్ల కట్ట ఆమె చేతిలోనే ఉంది.

"టికెట్ కోసం రాలే. నవతా, నాది తప్పయింది. మాఫ్ చెయ్యున్రి."

"నాకెందుకు చెప్తున్నరు? కథ ఎవరిదో నాకు తెల్వదా?" అప్పుడు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేను మొక్కిన. అది గూడ యాదికి రాలే మీకు. పది మందిల నన్ను అబద్ధాల మనిషిని చేసిన్రు, ఇగ సందుల మాఫ్ అడుగుతున్నరు. మస్తుంది సార్."

అతనికి తల ఎత్తడం చేతకాలేదు. "ఎక్కడ అడగమంటరు?"

ఆమె బస్సులోపలికి వేలు చూపించింది. "నేను పది మంది ముంగట చెప్పిన. మీరు గూడ పది మంది ముంగటనే, మైకుల చెప్పున్రి. నాన్న వినాలె."

అప్పుడే రామచంద్రం గొడుగు మూస్తూ వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా బస్సెక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన వెనకే రాజేశం ఎక్కాడు. మెట్టు మీద ఒకసారి కాలు జారింది. కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఏందయ్యా?" అన్నాడు కిషన్‌రావు.

"మైకు ఒక్కసారి ఇయ్యున్రి మామయ్యా... కిషన్‌రావు గారూ."

కిషన్‌రావు ఆ పిలుపు విననట్టే ఉండి, కూతురివైపు చూశాడు. నవత తలుపు దగ్గర వానలో నిలబడింది, లోపలికి రాలేదు. ఆయన మైకు ఇచ్చాడు. అది ఒకసారి కీచుమంది. రాజేశం రెండు చేతులా పట్టుకున్నాడు.

"అందరికి నమస్కారం. నా పేరు రాజేశం. పోయిన ఆదివారం ఈ బస్సుల వచ్చినోళ్ళ ముంగట ఒక తప్పు జరిగింది. అది నవతది కాదు, నాది. సాత్‌గుంబజ్‌ల పేరులేని గోరీ కాడ చెప్పిన మాలన్ కథ ఏ పుస్తకంల లేదు. ఆమె అడిగితే తెల్వదని చెప్పనీకి నాకు నామోషి అయింది, కల్పించిన. రామచంద్రం సార్ అడిగితే ఆమెనే కలిపి చెప్పింది అన్న. ఇది మొదటిదానికంటె పాడు అబద్ధం. ఆ గోరీల ఉన్నది ఎవరో నాకు తెల్వదు, ఎవరైనా గానీ నన్ను క్షమించాలె. కిషన్‌రావు గారూ, మీ బిడ్డ ఒక్క అక్షరం గూడ అబద్ధం చెప్పలే, నన్ను నమ్మింది, అంతే. ఈ మైకు ఆమెకు ఇయ్యున్రి. నన్ను దిగిపొమ్మంటే ఇప్పుడే దిగిపోత. కానీ ఇంకొక్క మాట చెప్పకుండ దిగితే అది గూడ అబద్ధమే అయితది. కథల ఒక సిపాయి రోజూ పూలపిల్ల ముంగట నిలబడి, ఒక్క మాట చెప్పకుండ పోయేటోడు అన్న గద. ఆ పిరికోడు గోల్కొండల ఎన్నడు లేడు. అశోక్‌నగర్‌ల ఉంటడు, ప్రతి ఆదివారం ఈ బస్సుల ముందు సీట్ల కూసుంటడు. నవతా, ఆ కథల నేను కల్పించనిది వాడొక్కడే."